కెల్స్ వెళ్ళొద్దాం: ఐర్లాండ్‌లో ఒక పాత సంత ఊరూ, చుట్టుపక్కల పల్లెలూ చూసే సమగ్ర మార్గదర్శి

డబ్లిన్ వచ్చిన మన తెలుగువాళ్ళలో చాలామంది ట్రినిటీ కాలేజీకి వెళ్తారు, అద్దాల పెట్టెలో ఉన్న కెల్స్ గ్రంథాన్ని, అంటే పన్నెండు వందల ఏళ్ళ నాటి చేతిరాత సువార్తల పుస్తకాన్ని చూస్తారు, ఫొటో తీయనివ్వలేదని కాస్త నొచ్చుకుని బయటికొచ్చేస్తారు. ఆ పేరులోని కెల్స్ ఒక ఊరని, అదే డబ్లిన్‌లో బస్సెక్కితే సుమారు గంటన్నరలో అక్కడ దిగొచ్చని ఎవరికీ తట్టదు. ఇక్కడికొచ్చిన మొదటి మూడేళ్ళు నాకూ తట్టలేదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు, జనం తక్కువుండే చోటు ఎక్కడైనా ఉందా అని వెతుకుతూ మొదటిసారి వెళ్ళాను. అప్పట్నించి ఏడాదికి రెండుసార్లైనా వెళ్తూనే ఉన్నాను.

నేను చెప్పేది ఒకటే. ముందు ఊరు చూడండి, తర్వాత పుస్తకం చూడండి. ఆ వరసలో చూస్తే రెండూ అర్థమవుతాయి. ఎలా వెళ్ళాలో, ఏది ముందు ఏది తర్వాతో, ఎక్కడ ఎంతసేపు ఉండాలో కింద రాశాను.

బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన కథ

కెల్స్ మీథ్ కౌంటీలో ఉంది, డబ్లిన్‌కి వాయవ్యంగా సుమారు 65 కిలోమీటర్లు. ఐరిష్ భాషలో ఊరి పేరు కెనన్నస్. రోడ్డు పక్క బోర్డుల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి.

స్కాట్లాండ్ పడమటి తీరంలో అయోనా అని చిన్న దీవి ఉంది. ఆరో శతాబ్దంలో సెయింట్ కొలంబా అక్కడ మఠం పెట్టాడు. ఐరిష్ వాళ్ళు ఆయన్ని కొలంకిల్ అంటారు. 806లో వైకింగులనే ఉత్తరాది సముద్రపు దోపిడీదారులు ఆ దీవి మీద పడి 68 మందిని చంపారు. మిగిలినవాళ్ళు సముద్రం దాటి, లోతట్టున ఉన్న కెల్స్‌కి వచ్చి కొత్త మఠం కట్టుకున్నారు. 814 నాటికి ఇక్కడి గుడి పూర్తయింది. కెల్స్ గ్రంథం దాదాపు ఆ కాలానిదే. అయోనాలో మొదలుపెట్టి ఇక్కడ పూర్తి చేశారని కొందరు పండితులంటారు, మొత్తం ఇక్కడే రాశారని మరికొందరంటారు. దూడ చర్మాన్ని పలచగా గీకి చేసిన ఆకుల మీద నాలుగు సువార్తలను లాటిన్‌లో రాసి రంగులద్దారు. 340 ఆకులు మిగిలాయి.

1007లో ఒక రాత్రి దొంగలు దాన్ని గుడి నుంచి ఎత్తుకుపోయారు. రెండు నెలల ఇరవై రాత్రుల తర్వాత మట్టిపెళ్ల కింద దొరికిందని, పైనున్న బంగారం మాత్రం లేదని అల్స్టర్ వృత్తాంతాలనే పాత చరిత్ర పుస్తకంలో రాసి ఉంది. దొంగలకు కావలసింది పైనున్న బంగారం. లోపలి అక్షరాలు వాళ్ళకి అక్కర్లేకపోవడం వల్లే మనకి దక్కాయి. 17వ శతాబ్దంలో ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సైన్యం ఊళ్ళో దిగినప్పుడు, భద్రంగా ఉంటుందని డబ్లిన్‌కి పంపారు. మళ్ళీ తిరిగి రాలేదు.

మఠం తర్వాత నార్మన్లు వచ్చారు. 1172లో ఇంగ్లండు రాజు మీథ్ ప్రాంతమంతా హ్యూ డి లేసీ అనే దొరకి ఇచ్చాడు. మఠం చుట్టూ ఉన్న ఊరికి గోడ కట్టారు, సంత పెట్టారు. సన్యాసుల ఊరు అలా సంత ఊరైంది.

మొదటి అడుగు: వీసా, కాలం

ఐర్లాండ్‌లోనే ఉంటున్నవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు. ఫ్రాన్స్ వీసానో జర్మనీ వీసానో చేతిలో ఉందని డబ్లిన్‌కి టికెట్ కొనకండి. విడిగా ఐరిష్ షార్ట్ స్టే సి వీసా కావాలి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి కాగితాలు వీసా కేంద్రంలో ఇవ్వాలి. బ్రిటన్, ఐర్లాండ్ రెండూ చూడాలనుకునే భారతీయులకు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉంది. వీసా మీద ఆ పథకం ముద్ర ఉంటే ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు, కానీ వీసా ఇచ్చిన దేశంలోనే ముందు అడుగుపెట్టాలి. ముద్ర లేని వీసాకి ఈ సౌకర్యం లేదు. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే చూసుకోండి. హైదరాబాద్ నుంచి డబ్లిన్‌కి నేరు విమానం లేదు. దుబాయ్, అబుధాబి, దోహా, లండన్‌లలో ఎక్కడో ఒకచోట మారాలి.

కాలం మాటకొస్తే, మే నుంచి సెప్టెంబర్ దాకా నా ఓటు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది, రోజు సాగినంత సాగుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు దాటిందంటే చీకటే. కొండెక్కే పని పెట్టుకుంటే డిసెంబర్ వద్దు. మార్చి, సెప్టెంబర్ మూడో వారాలకు మాత్రం ఒక ప్రత్యేకత ఉంది, కొండ దగ్గరికొచ్చినప్పుడు చెప్తాను.

రెండో అడుగు: చేరడం

డబ్లిన్ నడిబొడ్డున ఉన్న బుసారస్ బస్టాండు నుంచి బస్ ఐరన్ వారి 109 నంబరు బస్సు కెల్స్ వెళ్తుంది. రోజంతా తరచుగానే ఉంటాయి. ఇక్కడి బస్సులకీ రైళ్ళకీ వాడే లీప్ కార్డు పనిచేస్తుంది, దానితో చార్జీ కూడా తగ్గుతుంది. బస్సు ఊరి మధ్యలో దింపుతుంది, అక్కణ్ణించి ఏది చూడాలన్నా పది నిమిషాల నడక. తిరుగు బస్సు వేళలు దిగగానే ఫోన్‌లో చూసి పెట్టుకోండి, ఆదివారాలు మరీ ముఖ్యం. దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్స్ చెప్పడం ఇక్కడ చిన్న పిల్లల దగ్గర్నుంచీ అందరి అలవాటు. మీరూ చెప్పండి.

ఒక్కరోజు, ఊరు మాత్రమే అంటే బస్సు చాలు. పల్లెలు కూడా తిరగాలంటే కారు తప్పదు. మనలాగే ఇక్కడా ఎడమవైపే నడుపుతారు, అదొక సుఖం. సరైన ఇండియన్ లైసెన్సుతో పర్యాటకులు నడపొచ్చు, కానీ అద్దెకిచ్చేవాళ్ళ షరతులు వేరుగా ఉంటాయి, ముందే అడిగి తెలుసుకోండి. ఎం3 మోటార్‌వే మీద రెండు చోట్ల టోల్ కట్టాలి. అసలు జాగ్రత్త పడాల్సింది మోటార్‌వే దిగాక. పల్లెదారులు ఒక కారు పట్టేంత సన్నగా, రెండువైపులా నిలువెత్తు కంచెపొదలతో ఉంటాయి. ఆ దారుల్లో వేగం హద్దు 2025 ఫిబ్రవరి నుంచి గంటకి 60 కిలోమీటర్లకి తగ్గించారు. 40 దాటకపోతేనే మంచిదని నేనంటాను. ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళి దారివ్వాలి. పక్కనుంచి పోతూ ఆ రైతు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకెత్తుతాడు. అది పలకరింపు. మీరూ ఒక వేలెత్తండి.

మూడో అడుగు: మూట సర్దుకోవడం

నీళ్ళు పట్టని జాకెట్ కావాలి. గొడుగు ఈ గాలికి నిలవదు. లోపల రెండు పొరలు, జులై అయినా ఒక స్వెట్టర్. కాలికి పట్టు ఉండే బూట్లు. ఈ విషయంలో అమ్మ మాట విని నేను తప్పు చేశాను. చెప్పులతోనే అలవాటు అంటే సరేనన్నాను. తడి గడ్డి మీద జారి కూర్చుండిపోయింది, చీరంతా బురద. దెబ్బ తగల్లేదు గానీ ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. చీర కట్టుకున్నా ఫర్వాలేదు, కాళ్ళకు మాత్రం బూట్లుండాలి.

నాలుగో అడుగు: ఊళ్ళో నడక

ఇక్కడ తొందరపడకండి. మూడు గంటలు కేటాయించండి.

పాత కోర్టు భవనం దగ్గర మొదలుపెట్టండి. ఫ్రాన్సిస్ జాన్‌స్టన్ గీసిన భవనం, 19వ శతాబ్దం తొలినాళ్ళది. ఇప్పుడు పర్యాటక, సాంస్కృతిక కేంద్రం. తెరిచి ఉండే వేళలు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. లోపల కెల్స్ గ్రంథానికి అచ్చుగుద్దిన నకలుంది. అక్కడి వాళ్ళని అడిగి కై-రో పేజీ చూడండి. కై, రో అంటే గ్రీకులో క్రీస్తు పేరులోని మొదటి రెండక్షరాలు. పేజీ నిండుగా ఒక్క పెద్ద అక్షరం తీగలా చుట్టలు తిరిగి ఉంటుంది. కళ్ళు కింది భాగంలో నిలపండి. ఆ చుట్టల అడుగున రెండు పిల్లులు కూర్చుని ఉంటాయి, వాటి ముందు ఎలుకలు ఒక గుండ్రటి అప్పం కొరుకుతుంటాయి. కాస్త కుడివైపుకి చూస్తే నీటిపిల్లి చేపని నోట కరిచి ఉంటుంది. పన్నెండు వందల ఏళ్ళ కింద చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా ఎవరో సన్యాసి, దేవుడి పేరు రాస్తూ రాస్తూ, వంటింట్లో చూసిన ఎలుకల్ని కూడా అందులో పెట్టాడు. ఆ మనిషి మీద నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఆ భవనం ముందే, గొడుగులా వేసిన కప్పు కింద సంత శిలువ నిలబడి ఉంటుంది. ఇది మొదట ఉన్నది ఇక్కడ కాదు, ఊరి నడిమధ్య కూడలిలో. అక్కడే సంత జరిగేది. 1688లో పట్టణ పెద్ద ఒకాయన దాన్ని తిరిగి నిలబెట్టించి తన పేరు చెక్కించుకున్నాడు. ఇంగ్లీషు పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్ళని దీనికే ఉరితీశారని ఊళ్ళో చెప్పుకుంటారు. 1996లో బండి గుద్దుకుని దెబ్బతింటే, బాగుచేసి ఇక్కడికి తెచ్చారు. అడుగు పీఠం చుట్టూ ఒకసారి తిరగండి. గుర్రాల మీద వెళ్ళే మనుషులు, వేట జంతువులు అరిగిపోయి కనిపిస్తాయి. ఎండ పక్కనుంచి పడే ఉదయం వేళో సాయంత్రమో అయితే బొమ్మలు బాగా తేలతాయి, నడినెత్తి ఎండలో ఏమీ కనిపించవు.

అక్కణ్ణించి ఊరి మధ్యకి నడవండి. క్రాస్ స్ట్రీట్, కాసిల్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్ కలిసే చోట ఒక్క నిమిషం ఆగండి. వీధులు తిన్నగా పోకుండా విల్లులా వంగి ఉండడం గమనించారా? మఠానికి చుట్టూ గుండ్రటి ప్రహరీ ఉండేది. ప్రహరీ పోయింది, దాన్ని ఆనుకుని వేసిన వీధి మాత్రం ఆ వంపులోనే నిలిచిపోయింది. మనం నడుస్తున్నది ఆ సన్యాసుల గోడ వెంబడే.

ఒకప్పుడు ఐర్లాండ్‌లో ఇలాంటి ఊళ్ళలో పశువుల సంత వీధుల్లోనే జరిగేది. దుకాణాల ముందు ఆవులు, గుమ్మాల ముందు గొర్రెలు. అమ్మేవాడికీ కొనేవాడికీ బేరం తెగకపోతే మూడోవాడొకడు మధ్యలో దూరి ఇద్దరి చేతులూ పట్టి కలిపేవాడు. అరచేతిలో ఉమ్మేసి చెయ్యి చరిస్తే బేరం కుదిరినట్టు. డబ్బు చేతికందాక అమ్మినవాడు అందులో కొంత తిరిగిచ్చేవాడు, దాన్ని అదృష్టం డబ్బు అనేవాళ్ళు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ఎద్దుల బేరం చేసిన నాన్నకి ఇది చెప్తే, ఆయన ఆ కూడలి వదిలి కదల్లేదు. ఈ సంతలు 20వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి వీధుల నుంచి షెడ్లలోకి మారాయి. చూడాలనుంటే కెల్స్‌కి వాయవ్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో కార్నరాస్‌లో పశువుల వేలం కేంద్రం ఉంది. వేలం రోజు ఏదో కనుక్కుని వెళ్ళండి. గేటు దగ్గర అడిగి, రింగు చుట్టూ ఉన్న మెట్ల మీద ఒక వార నిలబడండి. వేలంపాటగాడి నోట అంకెలు ఎంత వేగంగా దొర్లుతాయంటే, ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి కూడా మొదటి పావుగంట ఒక్క ముక్క పట్టుబడదు.

ఇప్పుడు గట్టు మీదికి, సెయింట్ కొలంబా చర్చి ఆవరణలోకి రండి. కెల్స్‌కి గుండెకాయ ఇదే. లోపలికి రాగానే గుండ్రటి బురుజు. సుమారు 26 మీటర్ల ఎత్తు, పైన ఉండాల్సిన కోసు టోపీ లేదు. పై అంతస్తులో సాధారణంగా నాలుగు కిటికీలుంటాయి, దీనికి ఐదున్నాయి. ఊళ్ళోకి వచ్చే ఒక్కో దారి మీదా ఒక్కో కన్ను అని చెప్తారు. గంటలు కొట్టడానికీ, విలువైనవి దాచడానికీ కట్టినా, 1076లో రాజ్యం కోరిన ఒకాయన్ని ఈ బురుజులోనే చంపేశారు.

ఆవరణలో మూడు రాతి శిలువలున్నాయి. బురుజు పక్కనున్నది పాట్రిక్, కొలంబాల శిలువ. పీఠం మీద లాటిన్‌లో ఆ ఇద్దరి పేర్లూ చెక్కి ఉన్నాయి. అక్షరం రాని జనానికి బైబిలు చెప్పడానికి చేసిన రాతి పుస్తకమిది. మన గుళ్ళ గోడల మీద రామాయణం చెక్కినట్టే. ఆదాము, అవ్వ చెట్టుకి చెరోపక్క ఉంటారు. సింహాల మధ్య దానియేలును పట్టుకోవడం తేలిక. ఎడారిలో ఇద్దరు మునులకు కాకి రొట్టె తెచ్చే బొమ్మ వెతకండి, పిల్లలకి అది బాగా నచ్చుతుంది. రెండోది విరిగిన స్తంభం. నోవహు ఓడ దాని మీదే ఉంది.

మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఉండండి. అది పూర్తికాని శిలువ. శిలువ ఆకారం వచ్చింది, నడుమ బొమ్మ కొంత చెక్కారు, మిగతా చోట్ల పలకలు ఉబ్బెత్తుగా, నున్నగా, ఖాళీగా ఉన్నాయి. శిల్పి ముందు మొత్తం రాయిని చదరాలుగా విడదీసుకుని, బొమ్మ రావాల్సిన చోట రాయిని ఎత్తుగా వదిలి, తర్వాత ఒక్కొక్కటీ లోపలికి చెక్కుకుంటూ వెళ్ళేవాడని ఇది చూస్తే గానీ తెలియదు. పూర్తయిన శిలువలు ఐర్లాండ్‌లో చాలా ఉన్నాయి. పని మధ్యలో ఆగినది దొరకడం అరుదు. ఆ ఖాళీ పలక ముందు నిలబడితే ఉలి ఇప్పుడే కింద పెట్టి భోజనానికి వెళ్ళినట్టుంటుంది.

ఆవరణ దాటి చర్చి లేన్‌లో కొంచెం పైకి వెళ్తే కొలంకిల్ ఇల్లు. ఇళ్ళ మధ్య దాక్కున్నట్టుండే చిన్న రాతి కట్టడం, నిట్టనిలువు కప్పు కూడా రాతిదే. గోడల మందం మీటరుకి పైనే. తాళం వేసి ఉంటుంది, కోర్టు భవనంలోని పర్యాటక కేంద్రంలో ముందే అడిగి ఏర్పాటు చేసుకోండి. ఇప్పుడు మనం వెళ్ళే గుమ్మం తర్వాత కొట్టినది, అసలు గుమ్మం బాగా ఎత్తులో ఉండేది. లోపల కప్పుకి కింద ఇరుకైన అటక ఉంది, నిచ్చెనెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే ఉండి పైకి చూస్తే చాలు, కమాను కింది నుంచీ బాగానే కనిపిస్తుంది.

ఐదో అడుగు: భోజనం

మధ్యాహ్నం పన్నెండున్నరకే కూర్చోండి. చిన్న ఊళ్ళలో వంట తొందరగా కట్టేస్తారు. సూపు, పక్కన వెన్న రాసిన బ్రౌన్ సోడా బ్రెడ్ ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు ఆ సూపు కూరగాయల రసంతో చేసిందా, కోడి రసంతో చేసిందా అని అడగాలి. అడిగితే విసుక్కోరు, వంటగదిలోకి వెళ్ళి కనుక్కుని మరీ వస్తారు. మాంసం తినేవాళ్ళకి మీథ్ గొడ్డుమాంసం, గొర్రెమాంసం పేరున్నవి. పబ్బంటే పిల్లలతో వెళ్ళకూడదని మనవాళ్ళు అనుకుంటారు గానీ, పగటిపూట అది ఊరందరి భోజనశాల. పెద్దవాళ్ళు వెంట ఉంటే పిల్లలు రాత్రి 9 దాకా, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే 10 దాకా ఉండొచ్చు. మా ఇంట్లో మటుకు పులిహోర డబ్బా లేకుండా ఎవరూ బయల్దేరరు. దాన్ని మర్నాడు ఎక్కే ముసలమ్మ కొండ మీదికి దాచుకోండి, అక్కడ కొట్లు ఉండవు.

ఆరో అడుగు: లాయిడ్ కొండ

ఊరికి పడమట, కారులో ఐదు నిమిషాలు. నడిచినా అరగంట. చుట్టూ పొలాలే, సముద్రం ఎక్కడో ఉంది, మధ్యలో లైట్‌హౌస్ ఆకారంలో ఒక బురుజు! సుమారు 30 మీటర్ల ఎత్తు. బెక్టివ్ ఎర్ల్ తన తండ్రి జ్ఞాపకంగా 1791లో కట్టించాడు. దీని మీదెక్కి గుర్రప్పందాలూ వేటా చూసేవాళ్ళట. సెలవు రోజుల్లో కొన్నిసార్లు పైకి ఎక్కనిస్తారు, ఆ తేదీలు కనుక్కుని వెళ్తే మంచిది. ఎక్కనివ్వకపోయినా రాతిపలక చదవండి. కట్టించిన దొరతో ఆగకుండా గీసిన వాస్తుశిల్పి, రాళ్ళు చెక్కినవాడు, పెద్ద తాపీమేస్త్రి, పని చూసుకున్నవాడు, అందరి పేర్లూ ఉన్నాయి.

ఆ పక్కనే పేదల శ్మశానముంది. దాన్ని చూడకుండా వెనక్కి రావద్దు. 1845లో బంగాళాదుంప పంటకి తెగులొచ్చి ఐర్లాండ్‌లో మహా కరువొచ్చింది, పది లక్షల మంది పోయారు. కెల్స్‌లో పేదల కోసం ఒక వర్క్‌హౌస్ ఉండేది. అందులో చనిపోయినవాళ్ళని ఇక్కడ పూడ్చారు. విడివిడి సమాధులు లేవు, పేర్లు లేవు, ఒట్టి గడ్డి. దేశంలో తిండిగింజలుంటూ, ఓడల్లో ఎగుమతి అవుతూ ఉండగానే జనం పస్తులతో పోయారు. గుంటూరు సీమలో డొక్కల కరువు మాట చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్నవాణ్ణి. అక్కడ నాకు కాళ్ళు ఆడలేదు.

ఏడో అడుగు: ముసలమ్మ కొండ

రెండో రోజు ఉదయమంతా దీనికే ఇవ్వండి. ఊళ్ళో రాత్రి ఉండటానికి హెడ్‌ఫర్ట్ ఆర్మ్స్ హోటలుంది, చుట్టూ పల్లెల్లో ఇళ్ళలోనే బసా, పొద్దుటి ఫలహారమూ ఇచ్చేవాళ్ళున్నారు.

కెల్స్ నుంచి ఓల్డ్‌కాసిల్ వైపు వెళ్తే లాఖ్‌క్రూ కొండలు వస్తాయి. కారు లేకపోతే కెల్స్‌లో టాక్సీ మాట్లాడుకోండి, తిరిగి ఎక్కించుకునే వేళ కూడా ఖాయం చేసుకోండి. ఐరిష్‌లో ఈ కొండల పేరుకి ముసలమ్మ కొండ అని అర్థం. ఒక మంత్రగత్తె ముసలిది ఒడినిండా రాళ్ళు పోసుకుని శిఖరం నుంచి శిఖరానికి గెంతుతుంటే, ఒళ్ళోంచి జారిపడ్డ రాళ్ళ కుప్పలే ఇవని కథ. తెలంగాణలో బృహత్ శిలాయుగపు పెద్ద పెద్ద రాతి సమాధుల్ని మనవాళ్ళు రాక్షస గుళ్ళు అనలేదూ, అలాగే. ఎవరు కట్టారో మరిచిపోయినప్పుడు ఏ ఊరి జనమైనా ఇంతే చెప్పుకుంటారు కాబోలు.

నిజానికి ఇవి అయిదు వేల ఏళ్ళ నాటి సమాధులు, ఈజిప్టు పిరమిడ్లకన్నా పాతవి. 1863లో ఒక బడుల తనిఖీ అధికారి కంటపడ్డాకే చదువుకున్న లోకానికి తెలిశాయి.

కారు కింద ఆపి పైకి నడవాలి. పది అడుగులకే ఆయాసమొచ్చే నిలువు ఎక్కుడు, తర్వాత మెల్లగా సర్దుకుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు. దారంతా గొర్రెలుంటాయి. ఇది మేత భూమి, గేటు తీసినవాళ్ళే మూయాలి. కుక్కను తేకూడదు. పొదల పక్కన దురదగొండి లాంటి మొక్క ఉంటుంది, చేత్తో పట్టుకోవద్దు.

పైన ఉన్న పెద్ద రాళ్ళ గుట్టకి కెయిర్న్ టి అని పేరు. విషువత్తుల్లో, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబర్ మూడో వారాల్లో, సూర్యోదయపు కిరణం సన్నటి దారి గుండా లోపలికి పోయి వెనకున్న రాతి మీద పడుతుంది. ఆ రాతి మీద పువ్వుల్లా, చక్రాల్లా సూర్యుడి గుర్తులు చెక్కి ఉన్నాయి. వెలుగు వాటి మీదుగా మెల్లగా జరుగుతుంది. ఆ రోజుల్లో జనం చీకటితోనే కొండెక్కుతారు. రాళ్ళ కాపుదల కోసం లోపలికి వెళ్ళనివ్వని కాలాలున్నాయి, అందుకని ప్రభుత్వం నడిపే హెరిటేజ్ ఐర్లాండ్ వెబ్‌సైటు చూసి బయల్దేరండి. గుమ్మం మూసి ఉన్నా సరే, కొండ మాత్రం ఎక్కండి. గుట్టకి ఉత్తరం వైపు ముసలమ్మ కుర్చీ అనే పెద్ద బండరాయి ఉంది. దాని ఎదుట గడ్డి మీద కూర్చుని పులిహోర డబ్బా తెరవండి. పచ్చటి గళ్ళ దుప్పటి పరిచినట్టు పొలాలు, మధ్యలో చెరువులు, మేఘం నీడ ఒక పొలం మీంచి ఇంకో పొలం మీదికి నడుస్తూ ఉంటుంది. ఐర్లాండ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే.

ఎనిమిదో అడుగు: బురదనేల, ఏడు వింతలు

ఓపికుంటే మధ్యాహ్నం ఈ రెంటిలో ఒకటి. కెల్స్ నుంచి ఎన్52 రోడ్డు మీద దక్షిణంగా వెళ్తే గర్లీ బాగ్ ఉంది. వేల ఏళ్ళుగా నాచు కుళ్ళీ కుళ్ళకా పేరుకున్న మెత్తటి నేల అది. అడుగేస్తే పరుపు మీద నడిచినట్టుంటుంది. అక్కడ సుమారు అయిదున్నర కిలోమీటర్ల గుండ్రటి నడకదారి గుర్తులు పెట్టి ఉంది. దారి దిగొద్దు, మోకాలు లోతు దిగబడొచ్చు. వెనకటి రోజుల్లో ఈ నేలనే ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో వేసేవాళ్ళు, ఆ పొగ వాసన పిడకల పొయ్యిని గుర్తుచేస్తుంది.

రెండోది వెస్ట్‌మీథ్‌లో ఫోర్ లోయ, కారులో అరగంట పైమాటే. సెయింట్ ఫెచిన్ మఠం, దాని తర్వాతి బెనెడిక్టన్ మఠం శిథిలాలు. ఏడు వింతలని చెప్తారు: కాలని చెట్టు, కాగని నీళ్ళు, ఎగువకి పారే నీరు, ఇలాంటివి. వెతుక్కుంటూ తిరిగితే పిల్లలకి మంచి ఆట. ఆ చెట్టుకి జనం మొక్కుకుని గుడ్డపీలికలు కడతారు. మా అత్తయ్య ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పకుండానే చున్నీ అంచు చింపి కట్టేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

మూడో రోజు కూడా ఉంటే ట్రిమ్ కోట, తారా కొండ. రెండూ కెల్స్‌కి పాతిక కిలోమీటర్ల చుట్టుపక్కలే. ట్రిమ్ ఐర్లాండ్‌లోని నార్మన్ కోటల్లోకెల్లా పెద్దది. తారా పూర్వపు రాజుల పట్టాభిషేకాల కొండ, 1843లో ఐరిష్ రాజకీయ నాయకుడు డేనియల్ ఓకానెల్ ఇక్కడే లక్షల మందితో సభ పెట్టాడు. ఇదే కౌంటీలో ఉన్న మరో పాత రాతి సమాధి న్యూగ్రేంజ్ చూడాలంటే మాత్రం రోజుల ముందే టికెట్ తీసుకోవాలి, అది వేరే ప్రయాణంగా పెట్టుకోండి.

ఆఖరి అడుగు: ట్రినిటీ

డబ్లిన్ తిరిగొచ్చిన మర్నాడు ఉదయం మొదటి వేళకి ట్రినిటీ టికెట్ ముందే కొని ఉంచుకోండి. అక్కడ పుస్తకం ఒక్కచోటే తెరిచి ఉంటుంది, రెండు పేజీలే కనిపిస్తాయి. కొన్నాళ్ళకొకసారి తిప్పుతారు. కై-రో పేజీ మీకు దొరక్కపోవచ్చు, అందుకే కెల్స్‌లో నకలు చూడమన్నాను. ఉత్తి అక్షరాల పేజీ వచ్చినా దిగులుపడకండి. వంగి, వరసల చివర్లు చూడండి. స్థలం చాలక మిగిలిన అక్షరాల్ని ఎక్కడో ఒకచోట పై వరసలోకో కింది వరసలోకో మడిచి పెట్టి ఉంటాడు, ఆ సందులో ఓ చిన్న జంతువు ఒదిగి కూర్చుని ఉంటుంది. వెనక జనం తొందరపెడుతున్నా అది కనబడేదాకా కదలొద్దు.